నల్లగొండ, పాలమూరు దారుల్లో బైక్ రైడ్: ఫోన్ లొకేషన్‌ను భద్రతకూ, కలుసుకోవడానికీ వాడుకునే పద్ధతి

లైవ్ లొకేషన్ ఆన్ చేసి బయల్దేరితే చాలు, ఇక భయం లేదనుకునే రైడర్లు మనలో చాలామంది ఉన్నారు. ఆన్ చేయడం అర నిమిషం పని. కానీ మ్యాప్ మీద మన బండిని చూపే ఆ చుక్కను అవతల ఎవరు చూస్తున్నారు? అది కదలకుండా నిలబడిపోతే ఎంతసేపు చూసి, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు ముందే చెప్పారా? ఈ రెండూ తేల్చుకోకుండా ఫోన్‌లో ఎన్ని యాప్‌లు పెట్టుకున్నా, రోడ్డు పక్కన పడి ఉన్న మనిషికి వాటితో ఒరిగేదేమీ లేదు. అందుకే ఇక్కడ యాప్‌ల గురించి చెబుతూనే, మనుషుల మధ్య ముందే కుదుర్చుకోవాల్సిన మాట గురించి ఇంకాస్త ఎక్కువ చెబుతాను.

మన దగ్గర దారులన్నీ ఒక తీరువి కావు. ఎన్‌హెచ్ 65 మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట, కోదాడ దాకా సిగ్నల్‌కు పెద్దగా ఇబ్బంది ఉండదు, అక్కడ ప్రమాదమంతా వేగంతోనే. జడ్చర్ల నుంచి పెబ్బేరు, బీచుపల్లి మీదుగా అలంపూర్ వైపు పోయే ఎన్‌హెచ్ 44 కూడా అంతే. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే మాత్రం ఫోన్ చాలాసేపు మూగబోతుంది. మిర్యాలగూడ, హాలియా చుట్టుపక్కల కోతల కాలంలో రోడ్డే కల్లం అవుతుంది. ఏ దారిలో వెళ్తున్నామో దాన్ని బట్టి ఏర్పాటు మారాలి.

మొదటి మెట్టు: చూసే మనిషిని కుదుర్చుకోవడం

ప్రతి రైడ్‌కూ ఇంటిపట్టున ఉండే ఒక మనిషి కావాలి. అక్క కావచ్చు, తమ్ముడు కావచ్చు, ఆ వారం రైడ్‌కు రాలేని దోస్తు కావచ్చు. యాభై మంది ఉన్న గ్రూపులో లొకేషన్ పెడితే యాభై మందీ ‘ఎవరో ఒకరు చూస్తుంటారులే’ అనుకుంటారు. ఒక్కరికి అప్పజెప్పి, ‘ఈరోజు నువ్వే చూడాలి’ అంటే ఆ ఒక్కరు చూస్తారు.

ఈ పనికి కంగారు మనిషి పనికిరాడు. అమ్మకో, బాపుకో చుక్క పంపితే, మనం టిఫిన్‌కు ఆగిన ప్రతిసారీ వాళ్ల గుండె గుభేల్‌మంటుంది. పెద్దవాళ్లకు ‘చేరాం’ అన్న మెసేజ్ చాలు. మ్యాప్ చూసే బాధ్యత నిదానంగా ఆలోచించే వాళ్లకు ఇవ్వండి.

బయల్దేరే ముందు రోజు రాత్రి వాళ్లకు ఇలాంటి మెసేజ్ ఒకటి పెట్టండి:

‘అక్కా, రేపు పొద్దున ఆరింటికి నల్లగొండ నుంచి బయల్దేరుతున్నాం. దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం. మొత్తం ఆరు బండ్లు. ముందు బండి, చివరి బండి వాళ్ల ఫోన్ నంబర్లు, బండి నంబర్లు కింద పెట్టాను. తొమ్మిదిన్నర ప్రాంతంలో మన్ననూరు ఫారెస్ట్ గేటు దగ్గర మెసేజ్ పెడతా. అక్కడి నుంచి అడవి, సిగ్నల్ ఉండదు, చుక్క కదలకపోయినా టెన్షన్ పడకు. పన్నెండున్నర దాటినా దోమలపెంట మెసేజ్ రాకపోతే ముందు చివరి బండికి ఫోన్ చెయ్యి.’

దారి, బండ్ల సంఖ్య, ఫోన్ నంబర్లు, సిగ్నల్ లేని చోటు, ఆఖరి గడువు అన్నీ ఇందులో ఉన్నాయి. మెసేజ్ ఏ మాటల్లో రాసినా ఆఖరి గడువు మాత్రం గడియారం లెక్కలో ఉండాలి. ‘మధ్యాహ్నానికల్లా చేరుకుంటాం’ అంటే ఒకరికి పన్నెండు, ఇంకొకరికి రెండు.

రెండో మెట్టు: ఫోన్‌ను తయారు చేయడం

లొకేషన్ ఆన్‌లో ఉన్నా చుక్క చిట్యాల దగ్గరే ఆగిపోయి, బండి మాత్రం నకిరేకల్ దాటిపోవడం చాలామందికి అనుభవమే. దీనికి చాలాసార్లు కారణం నెట్‌వర్క్ కాదు. స్క్రీన్ ఆఫ్ అయ్యాక బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే యాప్‌ను నిద్రపుచ్చుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో దీన్ని ఇలా సరిచేయాలి.

సెట్టింగ్స్‌లో ‘యాప్స్’ తెరిచి గూగుల్ మ్యాప్స్ ఎంచుకోండి. ‘పర్మిషన్స్’లో ‘లొకేషన్’ నొక్కి ‘అలో ఆల్ ద టైమ్’ పెట్టండి. కిందే ఉండే ‘యూజ్ ప్రిసైజ్ లొకేషన్’ కూడా ఆన్ చేయండి, లేదంటే సుమారు ప్రాంతం తప్ప కచ్చితమైన చోటు కనిపించదు. వెనక్కి వచ్చి ‘బ్యాటరీ’లో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి. వాట్సాప్‌కూ ఇదే చేయండి. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్లలో ‘ఆటోస్టార్ట్’ అని విడిగా ఇంకో అనుమతి ఉంటే దాన్ని కూడా ఆన్ చేయాలి. ఐఫోన్‌లో అయితే ఆ యాప్ లొకేషన్‌ను ‘ఆల్వేస్’ అని పెడితే సరిపోతుంది. ఏ ఫోన్ అయినా రైడ్ రోజు బ్యాటరీ సేవర్ ఆఫ్‌లో ఉండాలి.

ఇది పనిచేస్తోందో లేదో పెద్ద రైడ్‌కు ముందే ఊళ్లో పరీక్షించండి. స్క్రీన్ ఆఫ్ చేసి ఫోన్ జేబులో వేసుకుని నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పానగల్ దాకా వెళ్లి రండి. ఇంట్లో వాళ్లకు మీ చుక్క దారి పొడవునా కదులుతూ కనిపించిందా, ఒకేసారి దుమికిందా అని అడగండి. పాలమూరు వాళ్లకు న్యూటౌన్ నుంచి పిల్లలమర్రి దాకా వెళ్లి వస్తే సరిపోతుంది.

తర్వాత ఆఫ్‌లైన్ మ్యాప్. గూగుల్ మ్యాప్స్‌లో కుడివైపు పైన మీ బొమ్మ మీద నొక్కి, ‘ఆఫ్‌లైన్ మ్యాప్స్’లో ‘సెలెక్ట్ యువర్ ఓన్ మ్యాప్’ ఎంచుకుంటే ఒక చతురస్రం వస్తుంది. అందులో నల్లగొండ నుంచి శ్రీశైలం దాకా పట్టేలా జరిపి వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోన్ ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. కాబట్టి అడవిలో కూడా మీరెక్కడున్నారో మీకు తెలుస్తుంది, ఇంట్లో వాళ్లకే తెలియదు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ అనే యాప్‌లు కూడా మ్యాప్‌ను ముందే దించుకుని ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి.

ఇక అత్యవసర వివరాలు. సెట్టింగ్స్‌లో ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’ దగ్గర బ్లడ్ గ్రూపు, అలర్జీలు, రోజూ వాడే మందులు, ఇద్దరి ఫోన్ నంబర్లు నింపండి. లాక్ తీయకుండానే ఎదుటివాళ్లు వీటిని చూడగలుగుతారు. ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లోని ‘మెడికల్ ఐడీ’ ఇదే పని చేస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను ఐదుసార్లు గబగబా నొక్కితే ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ మొదలవుతుంది. అది మీ ఫోన్‌లో ఏ నంబరుకు కాల్ చేస్తుందో, ఎవరికి లొకేషన్ పంపుతుందో చూసుకుని పెట్టుకోండి. ఇవే వివరాలు చిన్న కాగితం మీద రాసి పర్సులో లైసెన్సు వెనక కూడా పెట్టుకోవాలి. పడ్డప్పుడు ముందు పగిలేది ఫోనే.

ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో, గూగుల్ పిక్సెల్‌లో ప్రమాదాన్ని గుర్తించే సదుపాయం ఉంది. అది కారు ప్రమాదాలను దృష్టిలో పెట్టుకుని చేసినది. ఉంటే ఆన్‌లో ఉంచుకోండి, బైక్ మీద మాత్రం దాన్నే నమ్ముకోవద్దు.

మూడో మెట్టు: ఏ యాప్ దేనికి

నా సలహా సూటిగా చెబుతాను. తోటి రైడర్ల మధ్య వాట్సాప్, ఇంట్లో చూసే మనిషికి గూగుల్ మ్యాప్స్. రెండూ అందరి ఫోన్లలో ఇప్పటికే ఉంటాయి, కొత్తగా ఎవరికీ నేర్పనక్కర్లేదు.

వాట్సాప్‌లో ఆ రోజు రైడ్‌కు వచ్చే వాళ్లతో మాత్రమే ఒక కొత్త గ్రూపు పెట్టండి. అటాచ్ గుర్తు నొక్కి ‘లొకేషన్’, అందులో ‘షేర్ లైవ్ లొకేషన్’ ఎంచుకుంటే 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు గడువులు కనిపిస్తాయి. ఎనిమిది గంటలు పెట్టండి. అందరూ పెడితే ఒకే మ్యాప్ మీద అందరి చుక్కలూ కనిపిస్తాయి. ఇక్కడో మెలిక ఉంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టిన ఎనిమిది గంటలు మధ్యాహ్నం రెండింటికి అయిపోతాయి. అలసిపోయి, ఎదురెండలో, చీకటి పడుతుండగా తిరిగొచ్చే ప్రయాణమంతా ఎవరికీ కనిపించకుండానే జరుగుతుంది. మధ్యాహ్నం భోజనం దగ్గర బండి తాళం తీసుకునే ముందు అందరూ మళ్లీ షేర్ చేయాలన్నది గ్రూపు నియమంగా పెట్టుకోండి.

గూగుల్ మ్యాప్స్‌లో మీ బొమ్మ మీద నొక్కి ‘లొకేషన్ షేరింగ్’కు వెళ్లి, గడువును గంట నుంచి ఇరవై నాలుగు గంటల దాకా పెంచుకుని, చూసే మనిషిని ఎంచుకోండి. వాళ్లకు గూగుల్ ఖాతా లేకపోతే లింకు పంపొచ్చు. ఇంట్లో వాళ్లకు దీన్నే ఎందుకు చెబుతున్నానంటే, చుక్కతో పాటు మీ ఫోన్ బ్యాటరీ ఎంత మిగిలిందో కూడా కనిపిస్తుంది. ఆఖరుసారి చూసినప్పుడు నాలుగు శాతం ఉండి, తర్వాత చుక్క ఆగిందంటే ఫోన్ చచ్చిపోయి ఉంటుందని వాళ్లే ఊహించుకోగలరు. డెబ్బై శాతం ఉండగా ఆగితే ఆలోచించాల్సిందే.

ఒంటరిగా బయల్దేరే ఆడవాళ్లకు తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ ఉంది. 2024 మార్చిలో మొదలైంది. 100కు డయల్ చేసి 8 నొక్కితే ప్రయాణం ముగిసేదాకా పోలీసులు గమనిస్తుంటారు, స్మార్ట్‌ఫోన్ లేకపోయినా వాడుకోవచ్చు. యాప్ కూడా ఉంది.

ఇంకో రెండు యాప్‌లు ఫోన్‌లో ఉంటే మంచిది. మ్యాపుల్స్ మన దేశంలో తయారైనది, స్పీడ్ బ్రేకర్లు, ప్రమాదకరమైన మలుపుల గురించి ముందే చెబుతుంది. దామిని పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లది, మీరున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. మే, జూన్ సాయంత్రాల్లో దేవరకొండ, అచ్చంపేట వైపు మబ్బు కమ్మితే, చెట్టు కింద బండి ఆపే ముందు దాన్ని ఒకసారి చూడండి. అసలు చెట్టు కిందకే పోవద్దు.

నాలుగో మెట్టు: కలుసుకునే చోటు

నల్లగొండ జట్టు, పాలమూరు జట్టు కలిసి శ్రీశైలమో, మల్లెల తీర్థమో వెళ్లాలంటే డిండి ఇద్దరికీ అందుబాటులో ఉంటుంది. నల్లగొండ వాళ్లు దేవరకొండ మీదుగా వస్తారు, పాలమూరు వాళ్లు జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వస్తారు. కానీ ‘డిండిలో కలుద్దాం’ అంటే సరిపోదు. ఊరా, రిజర్వాయరు కట్టా, పెట్రోల్ బంకా? ఒకరు ఒకచోట, ఇంకొకరు ఇంకోచోట ఆగి, ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటూ అరగంట పోగొట్టుకుంటారు.

పిన్ పెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటు మీద వేలు పెట్టి కాసేపు నొక్కితే ఎర్ర గుర్తు పడుతుంది. కింద ‘షేర్’ నొక్కి గ్రూపులో వేయండి. పిన్ పెట్టేటప్పుడు చూడాల్సిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, అది మీరు వచ్చే వైపు రోడ్డుకు ఎడమ పక్కన ఉండాలి. ఎన్‌హెచ్ 65, ఎన్‌హెచ్ 44 లాంటి డివైడర్ ఉన్న రోడ్ల మీద దీన్ని పట్టించుకోకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. విజయవాడ వైపు వెళ్తూ, హైదరాబాద్ వైపు వచ్చే రోడ్డు మీదున్న హోటల్‌కు పిన్ పెట్టారనుకోండి. యూటర్న్ ముందెక్కడో ఉంటుంది. ‘ఇంత దగ్గరే కదా’ అని ఎవరో ఒకరు రాంగ్ రూట్‌లో వస్తారు. ఎదురుగా వచ్చే లారీకి ఆ బండి కనిపించేలోపే అయిపోతుంది. శాటిలైట్ మ్యాప్ పెట్టుకుని ఏ పక్కో చూసి పిన్ పెట్టడానికి నిమిషం పడుతుంది.

చోటు కూడా చూసి ఎంచుకోవాలి. ఆరు బండ్లు రోడ్డు దిగి నిలబడేంత జాగా ఉండాలి, నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఉంటే ఇంకా మంచిది. అందుకే పెట్రోల్ బంకు మేలు. మలుపు మీద, వంతెన దిగే చోట, చౌరస్తాకు ఆనుకుని ఎప్పుడూ వద్దు.

ఆ చోట సిగ్నల్ లేకపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. ‘తొమ్మిదింటి దాకా చూస్తాం, రాకపోతే మన్ననూరు గేటు దగ్గర కలుస్తాం’ అన్న ఒక్క మాట చాలు. ఎదుటి జట్టు చుక్క వెనకబడి కనిపిస్తుంటే ఫోన్ల మీద ఫోన్లు చేసి తొందరపెట్టొద్దు. వాళ్లు బండి నడుపుతూ ఎత్తడానికి చూస్తారు.

తరచూ వెళ్లే దారులకు గూగుల్ మ్యాప్స్‌లో ఒక జాబితా తయారుచేసి గ్రూపుతో పంచుకోవచ్చు. ‘యూ’ ట్యాబ్‌లో (ఇదివరకు దీని పేరు ‘సేవ్డ్’) ‘న్యూ లిస్ట్’ నొక్కి, పంక్చర్ షాపులు, రాత్రి తెరిచి ఉండే బంకులు, ఆసుపత్రులు ఒక్కొక్కటే చేర్చండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు, నార్కట్‌పల్లిలోని కామినేని ఆసుపత్రి మొదట చేర్చాల్సినవి.

ఐదో మెట్టు: రోడ్డు మీద ఫోన్

బండి నడుపుతూ తోటివాళ్ల చుక్కలు చూడొద్దు, అంతే. అది ఆగినప్పుడు చూసుకోవాల్సిన పని. చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ధ్యాస చెదరకుండా, ఫోన్ వాడుకోనిస్తుంది. హెల్మెట్‌లో బ్లూటూత్ ఉంటే తక్కువ శబ్దంతో దారి వినండి, తెర వైపు చూసే పనే ఉండదు.

హ్యాండిల్ మీద మౌంట్‌కు తగిలించాలా, జేబులో పెట్టుకోవాలా అంటే, లొకేషన్ షేర్ చేసే ఫోన్ ఒంటి మీదే ఉండాలంటాను. పడ్డప్పుడు మౌంట్ మీది ఫోన్ ఎటో ఎగిరిపోతుంది. మనిషి ఒకచోట, సాయం కోసం నొక్కాల్సిన బటన్ ఇంకోచోట పడి ఉంటాయి. మౌంట్‌తో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. పెద్ద ఇంజన్ల అదురుకు ఐఫోన్ కెమెరా పాడయ్యే ప్రమాదం ఉందని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. పెట్టుకోక తప్పకపోతే అదురు తగ్గించే రబ్బరు డాంపర్ ఉన్న మౌంట్ కొనండి. రెండోది ఎండ. ఐఫోన్‌ను 35 డిగ్రీల వేడి దాకానే వాడమని ఆపిల్ చెబుతుంది. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు మామూలే. ఎండలో ఫోన్ ముందు తెర వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత చార్జింగ్ ఆపేస్తుంది, చివరికి తానే ఆగిపోతుంది.

గూగుల్ మ్యాప్స్‌లో టూవీలర్ మోడ్ మన దేశంలో 2017 డిసెంబరులో వచ్చింది. పగలు బాగానే పనిచేస్తుంది. రాత్రిపూట అది చూపే అడ్డదారులకు పోవద్దు. సాగర్ ఎడమ కాలువ పొడవునా కట్ట మీది దారి మ్యాప్‌లో రోడ్డులాగే కనిపిస్తుంది. పక్కన నిండుగా పారే కాలువకు గోడ ఉందో లేదో మాత్రం మ్యాప్ చెప్పదు.

కోతల కాలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వానాకాలం పంట, యాసంగి పంట చేతికొచ్చే రోజుల్లో మిర్యాలగూడ, హాలియా, నేరేడుచర్ల వైపు రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రి కుప్ప చేసి నల్ల కవరు కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. హెడ్‌లైట్ వెలుతురులో తారురోడ్డు మీద నల్ల కవరు కనిపించదు, పక్కకు తిప్పితే వడ్ల గింజల మీద టైరు జారుతుంది. ఏ యాప్‌కూ ఇది తెలియదు. ముందు వెళ్లిన వాళ్లు బండి ఆపి, అక్కడ నిలబడి, కరెంట్ లొకేషన్ ఒకటి గ్రూపులో వేసి ‘కుడి పక్క వడ్లు’ అని రెండు ముక్కలు రాస్తే, వెనకొచ్చే వాళ్లు ఆగినప్పుడు చూసుకుని జాగ్రత్త పడతారు. చీకటి పడ్డాక ఆ దారుల్లో వెళ్లకపోవడమే అన్నిటికన్నా మేలు.

ఆరో మెట్టు: సిగ్నల్ లేని నల్లమల

మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు అడవి దారి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా గేట్లు మూసేస్తారు. సిగ్నల్ ఒకచోట వచ్చి ఇంకోచోట పోతుంది. ఇంట్లో చూసేవాళ్లకు ఆరు చుక్కలూ ఒకదాని వెంట ఒకటి మన్ననూరు దగ్గరే నిలిచిపోయినట్టు కనిపిస్తాయి. ముందే చెప్పకపోతే వాళ్లు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

గేటు దగ్గర అందరూ ఆగాలి. టైరు గాలి, పెట్రోలు చూసుకోండి, గ్రూపులో, ఇంటికి మెసేజ్ పెట్టి, అది వెళ్లినట్టు టిక్ పడ్డాకే కదలండి. ఇక్కడి నుంచి యాప్‌ను పక్కన పెట్టి పాత పద్ధతి పాటించాలి. ముందు ఒకరు, చివర ఒకరు ఖాయం. ముందు బండిని ఎవరూ దాటకూడదు, చివరి బండికి వెనక ఎవరూ మిగలకూడదు. ప్రతి రైడరూ తన వెనక బండి అద్దంలో కనిపిస్తోందా అని చూసుకుంటూ ఉండాలి. కనిపించకపోతే వేగం తగ్గించాలి, ఇంకా రాకపోతే రోడ్డు దిగి ఆగాలి. అతను ఆగితే ముందున్న వాడికి వెనక ఖాళీ కనిపిస్తుంది, వాడూ ఆగుతాడు. అలా ముందు బండి దాకా కబురు దానంతటదే చేరుతుంది. మల్లెల తీర్థానికి తిరిగే వటవర్లపల్లి దగ్గర, ఫర్హాబాద్ దగ్గర ముందు వెళ్లిన వాళ్లలో ఒకరు నిలబడి, వెనక వాళ్లకు దారి చూపి, చివరి బండితో కలిసి రావాలి.

జట్టులో కనీసం రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండేలా చూసుకోండి. ఒకరికి సిగ్నల్ లేనిచోట ఇంకొకరికి దొరకొచ్చు. ఒంటరిగా మాత్రం ఈ దారిలో సాయంత్రం నాలుగు దాటాక బయల్దేరొద్దు. గేటు మూసే టైం దగ్గరపడుతోందన్న తొందర, మసక వెలుతురు, రోడ్డు దాటే జంతువులు మూడూ ఒకేసారి ఎదురవుతాయి.

ఏడో మెట్టు: చుక్క ఆగితే ఇంట్లో వాళ్లు ఏం చేయాలి

ఇంట్లో మ్యాప్ చూసే మనిషికి ఈ భాగాన్ని చదివి వినిపించండి. ఆగిన చుక్క వేరు, పాతబడిన చుక్క వేరు. గూగుల్ మ్యాప్స్‌లో మనిషి పేరు మీద నొక్కితే ఆ లొకేషన్ ఎప్పటిదో కనిపిస్తుంది. ‘ఇప్పుడే’ అని ఉండి, చుక్క కదలకుండా ఉంటే ఫోన్ బాగానే ఉంది, బండి ఆగింది. ‘35 నిమిషాల క్రితం’ అని ఉంటే ఫోన్ నుంచి కబురే రావడం లేదు, బండి ఈపాటికి ఎక్కడైనా ఉండొచ్చు.

మొదటిది జరిగితే ఎక్కడ ఆగిందో చూడాలి. హోటలో, బంకో అయితే సరే. ఊరు కాని చోట, పొలాల మధ్య పది నిమిషాలు దాటి నిలబడితే ఫోన్ చేయాలి. ఎత్తకపోతే వెంటనే మళ్లీ మళ్లీ చేయకుండా తోటి రైడర్లకు చేయాలి. అందరి చుక్కలూ ఒకేచోట ఉంటే పంక్చరో, టీయో అయి ఉంటుంది. ఒక్క చుక్క ఆగి, మిగతావి ముందుకు పోతున్నాయంటే ముందు వాళ్లను అప్పుడే ఆపాలి.

రెండోది జరిగితే ఆ చుక్క ఉన్న చోటు సిగ్నల్ లేని దారిలోదా అని చూడాలి. అయితే అనుకున్న గడువు దాకా ఆగాలి. గడువు దాటాక చివరి బండి, ముందు బండి, మిగతా వాళ్లు అనే వరుసలో ఫోన్ చేయాలి. ఎవరూ దొరక్కపోతే ఇంకో పదిహేను నిమిషాలు చూసి అత్యవసర నంబరు 112కు చేయాలి. ‘అనవసరంగా పోలీసులకు చేశానేమో’ అని మొహమాటపడొద్దు.

చోటు చెప్పడం ఎలాగో కూడా నేర్పండి. మ్యాప్‌లో ఆ చోటును వేలితో నొక్కి పట్టుకుంటే అక్షాంశ, రేఖాంశాల అంకెలు రెండు కనిపిస్తాయి. మన దక్షిణ తెలంగాణలో మొదటిది 15, 16, 17లలో ఒకదానితో, రెండోది 77, 78, 79లలో ఒకదానితో మొదలవుతుంది. ఇవి కాక వేరే అంకె వినిపిస్తే ఎవరో తప్పు చదివారన్నమాట. చుక్క తర్వాత నాలుగు అంకెలు చెబితే చాలు, సుమారు పది మీటర్ల తేడాలో చోటు తెలిసిపోతుంది.

ప్రమాదం జరిగితే అక్కడున్న వాళ్లు

మొదట రెండు వైపుల నుంచీ వచ్చే బండ్లను ఆపండి. ఇద్దరు చెరో వైపు వంద మీటర్ల దూరం వెళ్లి చేతులూపాలి, రాత్రయితే ఫోన్ టార్చ్ వెలిగించాలి. తర్వాత 108కి ఫోన్ చేసి చోటు, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, స్పృహలో ఉన్నారా అన్నది చెప్పండి. జాతీయ రహదారి అయితే హైవే హెల్ప్‌లైన్ 1033 కూడా ఉంది. వాళ్లకు కిలోమీటరు రాయి మీది అంకె చెబితే తొందరగా అర్థమవుతుంది. జాతీయ రహదారి రాయి పైభాగం పసుపు రంగులో, రాష్ట్ర రహదారిది ఆకుపచ్చ రంగులో ఉంటుంది. పంతంగి, కొర్లపహాడ్, శాఖాపూర్ లాంటి టోల్‌ప్లాజాల్లో ఏది దగ్గరో కూడా చెప్పండి.

ఊపిరి ఆడకపోతే తప్ప హెల్మెట్ లాగొద్దు, మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చు. నీళ్లు తాగించొద్దు. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయం అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందుతుంది. ఆసుపత్రిలో డబ్బు మాట వస్తే ఈ పథకం సంగతి అడగండి.

ఆఖరి మెట్టు: ఆఫ్ చేయడం

ఇంటి ముందు బండి ఆపాక ‘చేరాను’ అని పెట్టి షేరింగ్ ఆపేయండి. పొద్దున కూడా ఇంటి గుమ్మం నుంచి కాకుండా కలుసుకునే చోటు నుంచే గ్రూపుకు షేర్ చేయండి. కొత్తగా పరిచయమైన రైడర్లు ఉన్న గ్రూపులో మీ ఇంటి అడ్రస్ అందరికీ తెలియాల్సిన పని లేదు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. లైవ్ లింకును ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో పెట్టొద్దు. ఇల్లు ఖాళీగా ఉందని ఊరందరికీ చెప్పినట్టే అవుతుంది.

గూగుల్ మ్యాప్స్‌లో ‘అంటిల్ యూ టర్న్ దిస్ ఆఫ్’ అన్నది ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ పెట్టొద్దు, అదీ మీ ఇష్టంతోనే జరగాలి. ఎవరో మీ ఫోన్ తీసుకుని మీకు చెప్పకుండా ఆన్ చేయడం జాగ్రత్త అనిపించుకోదు, అది నిఘా. నెలకోసారి ‘లొకేషన్ షేరింగ్’ తెరిచి అందులో ఎవరి పేర్లున్నాయో చూసి, అక్కర్లేనివి తీసేయండి. వాట్సాప్‌లో అయితే సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ’ కింద ‘లైవ్ లొకేషన్’ దగ్గర ఇంకా ఏ చాట్‌లో నడుస్తోందో కనిపిస్తుంది.